ఇన్నూరు మారులు చేయవలసిన లెక్క

సార్వా నాట్లకు ముందు పామర్రు ప్రాంతపు రైతునకు సందేహములు పెక్కులు. కాలువ నీరు పది దినములు ఆలస్యమైనచో నేమగును? ఎరువు తగ్గించినచో దిగుబడి యెంత తగ్గును? ఇట్టి ప్రశ్నలకు అంచనా చెప్పుటకై సెరిస్-రైస్ వంటి కంప్యూటరు ప్రోగ్రాములు కలవు. నేల, వాతావరణ వివరములతో పాటు నాటు తేదీ, మొక్కల ఎడము, నత్రజని మోతాదు ఇచ్చినచో అవి దిగుబడిని లెక్కించును. పది తేదీలు, ఐదు ఎడములు, నాలుగు మోతాదులు పరీక్షింపదలచినచో ప్రోగ్రామును 200 మారులు నడుపవలెను. మారునకు రెండు నిమిషములే పట్టినను మొత్తము ఆరు గంటల నలుబది నిమిషములు! నూటయేబదియవ మారు బాలుని కన్ను మూతపడి 90కి బదులు 9 కొట్టినచో, ఆ తప్పు ఎచట దాగినదో కనిపెట్టువారెవరు?

ఈ పనిని స్క్రిప్టునకు అప్పగింపవలెనని మా అభిప్రాయము. స్క్రిప్టనగా కంప్యూటరు వరుసగా పాటింపవలసిన ఆజ్ఞలు గల చిన్న ఫైలు. ప్రతి తేదీకి, ప్రతి ఎడమునకు, ప్రతి మోతాదునకు ప్రోగ్రామును నడిపి, ఫలితమును వేరు పేరుతో దాచుమని చెప్పుటకు కొలది పంక్తులు చాలును.

చేతితో చేసిననే గాని ఓర్పు అలవడదని కొందరు పెద్దలందురు. ఎక్కముల విషయమున ఆ మాట నిజమే. ఏడవ ఎక్కము అప్పగింపని వానిని మేమును విడువము. కాని ఇన్నూరు మారులు అంకెలు మార్చి కొట్టినందున బాలుని మనస్సున నిలుచునదేమి? పని గంటలో ముగించి యింటికి వచ్చిన బిడ్డ సోమరియయ్యెనని తలిదండ్రులు తలంపరాదు.

ఇది వట్టి సౌకర్యపు మాటయు కాదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అను శాస్త్రజ్ఞుడు 0.506127కు బదులు 0.506 అని యిచ్చి వాతావరణపు లెక్కను మరల నడుపగా, ఫలితము పోనుపోను పూర్తిగా వేరైపోయెను. ఆరంభమున అంత స్వల్పభేదము అంత మార్పు తెచ్చునపుడు ఒక్క లెక్కను నమ్ముటెట్లు? అందుచేతనే ఐరోపా వాతావరణ కేంద్రము 1992 నుండి ఆరంభపు విలువలను ఇంచుక మార్చుచు లెక్కను పలుమారులు నడుపుచున్నది. ఒక్కొక్క అంచనాకు 51 మారులు నడుపు పద్ధతి తరువాత వచ్చినది. తుపాను దారులన్నియు ఒకచోటికే చేరినచో నమ్మకము హెచ్చును; చెదరినచో తీరమంతయు మేలుకొనియుండవలెను. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను చూచిన కుటుంబములకు దీని విలువ మేము చెప్పనక్కరలేదు.

అయితే స్క్రిప్టు తప్పును కూడ ఇన్నూరు మారులు అలయక చేయును. సార్వాకు సంక్రాంతినాటి తేదీ యిచ్చినను నవ్వక నడుపును! కావున విద్యార్థి మొదట రెండు మూడు మారులు చేతితో నడిపి, స్క్రిప్టు ఫలితముతో సరిచూడవలెను. ప్రతి ఫలితము ప్రక్కన ఇచ్చిన విలువలును నిలువయుండవలెను. లేనిచో ఆ అంకె ఏ తేదీదో, ఏ మోతాదుదో తెలియదు. ఈ పనిని పరీక్షకు పెట్టునపుడు, ఏ విలువలను ఏల యెన్నుకొనిరో విద్యార్థులు తమ మాటలలో వ్రాసిన పుటకే సగము మార్కులు ఇయ్యవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము.