కుదురుబాటు

1552వ సంవత్సరము జనవరి 29వ తేదీన కొచ్చి నుండి ఫ్రాన్సిస్ జేవియర్ ఐరోపాలోని తన సహోదరులకు వ్రాసిన సుదీర్ఘమైన లేఖ యొకటి కలదు. జపాను దేశమున రెండు సంవత్సరములకు పైగా సువార్త ప్రకటించి అప్పుడే మరలివచ్చిన ఆ బోధకుడు, తాను చూచిన నేలను, అచ్చటి ప్రజల మర్యాదను, వారి జిజ్ఞాసను ఎంతో ప్రీతితో వర్ణించుచు వచ్చి, ఒకచోట తన హృదయమును కలచివేసిన సంగతిని దాపరికము లేక చెప్పుకొనెను. బాప్తిస్మము పొందిన జపానీయులు, చనిపోయిన తమ తలిదండ్రులను, భార్యలను, బిడ్డలను తలచుకొని యేడ్చుచున్నారట. దానధర్మముల చేతనైనను ప్రార్థనల చేతనైనను వారికి నరకమునుండి విడుదల కలదా యని యడుగుచున్నారట. లేదని యాతడు చెప్పెను. దేవుడు వారినేల వెలికి తీయలేడు, వారేల యెల్లకాలము అచ్చటనే పడియుండవలెనని వారు మరల నడిగిరి. దానికిని ఆతడు తన కాలపు వేదాంతము నేర్పిన ప్రత్యుత్తరమునే యిచ్చెను. కాని తనకింత ప్రియులైన మిత్రులు నివారణ లేని దుఃఖముతో కన్నీరు కార్చుట చూడగా తన మనసు నొచ్చినదని మాత్రము వ్రాయకుండ నుండలేకపోయెను.

జేవియరునందు నాకు గల గౌరవము ఈ లేఖవలన ఇనుమడించినదే కాని తగ్గలేదు. ఆ కన్నీటిని కప్పిపుచ్చి విజయవార్తలను మాత్రమే పంపుటకు ఆతనికి అవకాశముండెను, ఆతడట్లు చేయలేదు. అంతియే కాదు, యమగుచి పట్టణమున ప్రజలు, దేవుడు దయామయుడేని ఇంతకాలము మాకేల తన్ను తెలియజేసికొనలేదని నిలదీసినప్పుడు, ఏ గ్రంథమును చదువక ఏ గురువును ఎరుగక అడవిలో పెరిగినవానికి సైతము హత్య పాపమని తెలియుచున్నది గదా, అది వానికి నేర్పినవాడు సృష్టికర్తయే గదా యని ఆతడు సమాధానము చెప్పెను. మొదటినుండియు ఆ ప్రజల హృదయములలో దేవుడే ఉపాధ్యాయుడై కూర్చున్నాడని ఒప్పుకొన్నవాడు, ఆ యుపాధ్యాయుడే మరణదినమున తన శిష్యుల చేయి విడిచెనని ఎట్లు చెప్పగలిగెనో నాకు బోధపడదు. ఆతని మొదటి జవాబు రెండవ జవాబును నిలువనీయదు.

ఇది సముద్రములకావల మిగిలిపోయిన ప్రశ్న కాదు. ధాత కరువు తెలుగు నేలను ఊడ్చిపెట్టిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మన సంఘచరిత్రలు సగర్వముగా చెప్పుకొనుచున్నవి, చెప్పుకొనదగినదే. కాని అంతకు ముందు రెండేండ్లలో గంజినీళ్లు లేక కన్నుమూసిన తల్లినో బిడ్డనో మట్టిలో పెట్టి రానివారు ఆ నీళ్లలో దిగినవారిలో ఎందరుండియుందురు? తడిసిన బట్టలతో ఒడ్డునకు వచ్చిన ఆ క్షణమున వారి మనసులు ఎవరిని వెదకియుండును?

మా నాయనమ్మ వారి తరువాతి తరమునకు చెందినది. తన యింట మొదట బాప్తిస్మము పొందినది ఆమెయే. నా చిన్ననాట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిదప, అందరును వెళ్లువరకు ఆగి, ఆమె మా సంఘపు అయ్యగారిని అడిగిన మాట నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. "మా అమ్మ ఒకరికి కీడు తలపెట్టిన మనిషి కాదండీ అయ్యగారూ. యేసయ్య పేరు చెవిన పడకముందే పోయింది. ఆమె ఎక్కడున్నట్టండీ ఇప్పుడు?" ఆయన చాలసేపు నేలచూపు చూచి, "దేవుడు న్యాయవంతుడమ్మా" అనెను. ఆయన అబద్ధము చెప్పలేదు. ఆమెకు కావలసిన మాటయు చెప్పలేదు. జపానులో కన్నీరు కార్చినవారును, మా గుడి మెట్లపై నిలిచిన ఆ ముసలితల్లియు అడిగినది ఒక్కటే.

అపొస్తలుల కార్యముల మూడవ అధ్యాయమున, సొలొమోను మంటపములో నిలిచి పేతురు చేసిన ప్రసంగమున, సమస్తమును యథాస్థితికి వచ్చు కాలమును గూర్చిన ప్రస్తావన కలదు. అచ్చటి గ్రీకు శబ్దమునకు మన తెలుగు బైబిలు అనువాదకులు పెట్టిన మాట 'కుదురుబాటు'. వారికి ఈ మాట ఎట్లు తట్టినదో గాని, దానిని చదివినప్పుడెల్ల నాకు మన వంటయిండ్లలోని చుట్టకుదురు కన్నులకు కట్టును. అడుగు గుండ్రనైన కుండ నేలమీద నిలువదు. ఒరిగి, దొర్లి, ఉన్న నీళ్లను ఒలకబోసికొనును. అది కుండ చేసిన దోషమని దానిని పగులగొట్టు ఇల్లాలు ఎచ్చటను లేదు. కుదురు తెచ్చి దానిపై నిలుపును. సంస్కృత సమాసమొకటి కూర్చి యుండినచో ఈ చిత్రము మనకు దక్కియుండెడిది కాదు.

ఆ గ్రీకు మాటను పట్టుకొని, మూడవ శతాబ్దమున అలెక్సంద్రియ వాడైన ఓరిగెను సర్వసృష్టియు తుదకు దేవునితో సమాధానపడునను ఆశను శాస్త్రముగా విస్తరించెను. అయినను నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆతడు కాదు, ఆతని తరువాత శతాబ్దమునకు చెందిన కప్పదొకియ దేశస్థుడు నిస్సా గ్రెగొరీ. 379లో, అన్నయగు బసిలు మరణించిన దుఃఖము ఆరకముందే, మరణశయ్యపై నున్న అక్క మక్రీనను చూడబోయి, ఆమెతో ఆత్మను గూర్చియు పునరుత్థానమును గూర్చియు తాను జరిపిన సంభాషణను ఆతడు గ్రంథముగా వ్రాసెను. అందులో ఆతడు అక్కను గురువుగా నిలిపి తాను సందేహించు శిష్యుడై కూర్చుండెను. మంచముపై ఊపిరి అందక యున్న ఆ స్త్రీ చెప్పిన ఉపమానమొకటి నాకు మిక్కిలి ప్రియమైనది. దట్టముగా బురద పట్టి ఎండిపోయిన తాడు నొకదానిని ఇరుకైన రంధ్రమున దూర్చి, ఆవలినుండి ఒకడు బలముగా లాగుచున్నాడనుకొందము. తాడు లాగినవాని వెంట పోవును. బురద ఈవలనే రాలిపోవును. ఆ ఒరపిడిలో తాడునకు కలుగు యాతన, లాగువాడు కోరినది కాదు. ఆతడు కోరినది తాడు. దేవుడు తనదానిని తనవైపునకు లాగికొనుటయే ప్రేమ, మన్ను పట్టిన ఆత్మకు ఆ లాగుటయే తీర్పు, పట్టిన మన్నెంతయో యాతనయు అంత. నూతి చేదకు మన్ను పట్టిన తాడును రెండు చేతులతో ఒరసి ఎరిగిన మనకు దీనికి వ్యాఖ్యానము వలయునా?

అగస్టీను మాట వినక ముందునకు పోవుట న్యాయము కాదు. 'దేవుని నగరము' అను మహాగ్రంథపు 21వ భాగమున ఆయన ఇట్టి దయార్ద్రహృదయులను పేర్కొని, మత్తయి సువార్త 25వ అధ్యాయము చివర నీతిమంతులు పొందు జీవమునకును, దుష్టులు పొందు శిక్షకును ఒకే విశేషణము వాడబడినదనియు, ఒకటి అంతము లేనిదైనచో రెండవదియు అట్టిదే కావలెననియు వాదించెను. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. ఆ విశేషణము 'యుగము' అను అర్థము గల శబ్దమునుండి పుట్టినదనియు, 'శిక్ష' అనుచోట నున్న 'కొలాసిస్' అను శబ్దమును అరిస్టాటిల్ దండింపబడువాని మేలు కోరు దిద్దుబాటునకు వాడి, దండించువాని తృప్తి కోరు ప్రతీకారమునుండి వేరుపరచెననియు ఇటువైపువారు చెప్పుదురు. నిఘంటువులతో ఈ వివాదము తీరునని నేను తలపను. శతాబ్దములు గడచినకొలది శబ్దముల అంచులు అరిగిపోవును. నా మనసును లాగునది వేరొకటి: కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమున పౌలు దర్శించిన తుది ఘట్టమున మరణమే శత్రువుగా నశించి, దేవుడు సర్వమునందును సర్వమై నిండియుండును. ఆ నిండుదనమున ఒక మూల తాళము వేయబడిన చీకటికొట్టు నొకదానిని ఊహింప నేనెంత ప్రయత్నించినను నా బుద్ధికి శక్యము కాకున్నది.

ఇంతవరకు వ్రాసి నేను ఆగవలసి వచ్చుచున్నది. ఈ ఆశను చౌకబేరముగా అమ్మువారు కలరు. దేవుడు ప్రేమస్వరూపి కావున ఎవరేమి చేసినను తుదకు అంతయు మాసిపోవునని వారందురు. అప్పటి గుంటూరు జిల్లాకు చెందిన చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు నరకబడిరి. పదునారేండ్లకు ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించెను. 2014లో ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలను కొట్టివేసెను. హతులను ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకొన్న వారి యెదుట నిలిచి, అంతయు మాసిపోవునని చెప్పగల నోరు ఎవరికి కలదు? మన న్యాయస్థానములు చేయలేకపోయినదానిని దేవుడును చేయడనుట సువార్త కాదు. తీర్పు లేని సమాధానము చంపబడినవారిని మరియొకసారి చంపుట. బాధితుడు తీర్పు కోరునప్పుడు అతడు కోరునది సామాన్యముగా పగ కాదు. జరిగినది జరిగినదని, అది చేసినవాడు ఇతడని, ఆకాశమునకును భూమికిని వినబడునట్లు ఒకసారి పలుకబడవలెనని.

తీర్పును ప్రేమను వేరువేరుగా తూచుటకు అలవాటుపడిన మనకు యోసేపు కథ చదువవలసినరీతిగా చదువుట రాదు. ఇరువది తులముల వెండికి తమ్ముని అమ్మివేసిన అన్నలు, సుమారు ఇరువది రెండేండ్ల తరువాత, కరువుచే తరుమబడి, ధాన్యము కొరకు అతని యెదుటనే సాగిలపడుదురు. అతడు తత్‌క్షణమే కౌగిలించుకొనడు. షిమ్యోనును బంధించును, బెన్యామీనును రప్పించును, వెండి గిన్నెను గోనెలో దాచి వెదకించును. పసివాడనై యున్నప్పుడు ఈ భాగము నాకు క్రూరముగా తోచెడిది. ఇప్పుడట్లు తోచదు. తమ్ముని అమ్ముదమని ఒకనాడు సలహా చెప్పిన యూదాయే ముందునకు వచ్చి, ఈ చిన్నవానికి బదులుగా నన్ను దాసునిగా ఉంచుకొనుమని వేడుకొను ఘడియ వచ్చువరకు యోసేపు తన్ను తాను బయలుపరచుకొనడు. అది వచ్చిన పిమ్మట ఒక్క క్షణమైన ఆగడు. అందరిని వెలుపలికి పంపి, ఐగుప్తీయులకు వినబడునట్లు బిగ్గరగా ఏడ్చి, నేను యోసేపునని చెప్పును. అన్నలు ఆ మాటకు తత్తరపడి నోట మాట రాక నిలుతురు. ఆ ఒక్క మాటలో వారి నేరము సంపూర్ణముగా చదువబడినది. ఆ మాటనే పలుకుచు చాపబడిన చేతులు వారిని దగ్గరకు తీసికొన్నవి. తీర్పు ఎచ్చట ముగిసినది, క్షమ ఎచ్చట మొదలైనది, చూపగలవారెవరు? క్షమించినవాడు గోతిలో పడవేయబడినవాడే యనునది మరువరాదు. వేరొకడెవడైనను ఆ అన్నలను క్షమించియుండినచో అది అధికప్రసంగము. క్రైస్తవులు నమ్మిన న్యాయాధిపతి కూడ చేతులలో మేకుల గాయములతోనే ఆసీనుడగువాడు. ఆయన క్షమకు హక్కు ఆ గాయములనుండి వచ్చినది.

ఏడవ శతాబ్దమున నీనెవెకు ఐదు మాసములు మాత్రమే అధ్యక్షుడై, ఆ పదవిని విడిచి, కొండలలో తపస్సునకు పోయిన ఇస్సాకు అను సిరియక్ సన్యాసి కలడు. నేటి కతారు ప్రాంతమున పుట్టినవాడు. మన మలబారు నస్రాణీలతో అనుబంధము గల తూర్పు సంఘమునకు చెందినవాడు. ఆయన రచనలలో చిరకాలము కనుమరుగైన ఒక భాగపు వ్రాతప్రతి 1983లో ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున దొరకినది. నరకములో నున్నవారు దేవుని ప్రేమకు దూరమైనవారని తలచుట తప్పనియు, వారిని కొరడావలె కొట్టునది ఆ ప్రేమయేననియు, ప్రేమకు ద్రోహము చేసితిమను ఎరుకకు మించిన యాతన లేదనియు ఆయన బోధ. కోడి కూసిన రాత్రి ప్రభువు తిరిగి తనవైపు చూచినప్పుడు పేతురునకు ఏమైనదో చదివినవారు దీనిని సందేహింపరు. ఆ చూపులో కోపము ఉండియుండినచో పేతురు అంతగా ఏడ్చియుండడు.

ఇట్లు జరిగితీరునని నేను సిద్ధాంతము చేయుచున్నానా? లేదు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో ముడివడి ఓరిగెను బోధలపై శాపవచనములు వెలువడినవని ఎరుగుదును. అదే ఆశను పలికిన గ్రెగొరీని సంఘము నేటికిని పరిశుద్ధునిగా గౌరవించుచున్నదనియు ఎరుగుదును. మనుష్యుని స్వాతంత్ర్యము దేవునికే తలుపు మూయగలిగినంతటిదేమో, సాధు సుందర్ సింగ్ చెప్పినట్లు పరలోకపు వెలుగే కొందరికి భరింపరానిదగునేమో. కాని తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవాడు కోపించి వెలుపలనే నిలిచినప్పుడు తండ్రి విందు విడిచి అతనియొద్దకు వచ్చెను. అతడు లోనికి వచ్చెనో లేదో యేసు చెప్పలేదు. తండ్రి విసిగి లోనికి పోయెననియు చెప్పలేదు. అందరి కొరకును ఆశించుట క్రైస్తవుని విధి యని నేను నమ్ముదును. రాత్రి కూడికలలో అగ్నిగుండమును వర్ణించి పిల్లలకు నిద్ర లేకుండ చేయు బోధకులను నేను కోరునది ఒక్కటే: ఆ మంటలలో మీ తల్లి ముఖమును ఒకసారి ఊహించుకొని, ఆ తరువాత కూడ గొంతు వణకనిచో ప్రసంగించుడు.

మా నాయనమ్మ ఆ ప్రశ్నను మరల ఎన్నడును అడుగలేదు. ఏటేట నవంబరు 2న, సమాధుల పండుగనాడు, మేమందరము సున్నము కొట్టిన సమాధులపై బంతిపూలు పెట్టి క్రొవ్వొత్తులు వెలిగించుచుండగా, ఆమె ఒక క్రొవ్వొత్తిని కొంగున దాచుకొని, ప్రహరీ దాటి, చెరువుగట్టు వైపు పోయెడిది. తన తల్లిని పాతిన చోటు ఆమెకే సరిగా గుర్తులేదు. ఆ వైపున ఎచ్చటనో యని చేయి చూపెడిది. చెరువు గాలికి ఆ వెలుగు నిలిచెడిది కాదు. ఆమె చెంగు అడ్డుపెట్టి, మరియొక అగ్గిపుల్ల గీసెడిది.