గన్‌పార్కు స్తూపము

ఉస్మాన్‌గంజ్ నుండి నాంపల్లి మీదుగా శాసనసభకు పోవు త్రోవలో గన్‌పార్కు స్తూపమును చూడని విద్యార్థి అరుదు. నిలిచి పరిశీలించినవాడు అంతకన్న అరుదు. 1969 తెలంగాణ ఉద్యమమున అసువులు బాసినవారి స్మృత్యర్థము దీనిని శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిరి. శంకుస్థాపన 1970లో జరిగినది.

ఇందు మనుష్యరూపము లేదు. ఒక్కని ముఖము చెక్కినచో తక్కినవారు మరుగుపడెదరు గదా! అడుగున నల్లరాయి, దాని నాలుగు ప్రక్కలను తుపాకిగుండ్ల గుర్తులుగా తొమ్మిదేసి రంధ్రములు. దానిపై ఎఱ్ఱని స్తంభము. ఏ వైపు చూచినను తొమ్మిది గీతలు. కొనను తెల్లని పుష్పము, రేకులు తొమ్మిది. ఆనాటి తెలంగాణ జిల్లాలును తొమ్మిదే.

అయితే అంకెలు లెక్కించి తృప్తిపడుట శిల్పమును పొడుపుకథ చేయుటయే. బరువైన నలుపు నేలను పట్టుకొనియుండగా, ఎఱుపు చూపును పైకి గొనిపోయి తెలుపున విడిచిపెట్టును. సంకేత మెఱుగని బాలునికైనను ఈ గమనము అందును. ఇక ఆ రంధ్రములో! రాయి ఉన్నచోట కాదు, లేనిచోట ఏర్పడిన రూపములవి. పోయినవారిని గూర్చి చెప్పుటకు ఇంతకన్న తగిన ద్రవ్యము దొరకదు.

పూలదండలు కప్పివేయని ఒక మామూలు దినమున ఉపాధ్యాయులు పిల్లలను అచటికి తోడ్కొనిపోయి, చుట్టును తిప్పి చూపవలెను. తొమ్మిదియే ఎందుకని వారు అడుగువరకు ఏమియు చెప్పనక్కరలేదు.