ఒక సూత్రము – ఇరువురు కర్తలు

గణాంక శాస్త్రమును అభ్యసించు విద్యార్థి తొలి దశలోనే చెబిషెవ్ అసమానతను నేర్చుకొనును. పేరునుబట్టి అది రష్యా దేశపు గణితజ్ఞుడొక్కని సొత్తేయని తలచును. దానిని పదునాలుగేండ్లు ముందుగానే ప్రకటించిన ఫ్రెంచి గణితజ్ఞుడు ఇరెనే జూల్ బియెనేమే పేరు పెక్కు తరగతులలో వినబడనే వినబడదు. ఈ మౌనము న్యాయము కాదు.

బియెనేమే 1796లో పారిస్ నగరమున జన్మించెను. 1815లో ఎకోల్ పోలితెక్నిక్‌లో చేరెను గాని, మరుసటి యేడే ప్రభుత్వము ఆ విద్యాలయమును మూసి విద్యార్థులను పంపివేసెను. కొంతకాలము సైనిక పాఠశాలలో గణితము బోధించి, 1820లో ఆర్థిక మంత్రిత్వ శాఖలో ప్రవేశించి, క్రమముగా ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. 1848 విప్లవముతో ఆ పదవి పోయెను. 1852లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

మరుసటి సంవత్సరము ఆయన ప్రకటించిన అసమానత సారాంశమిది: ఏ సంఖ్యల సముదాయమందైనను, సగటునుండి రెండు ప్రామాణిక విచలనములుగాని, అంతకు మించిగాని ఎడమైనవి మొత్తములో నాలుగవ వంతును మించవు, మూడు విచలనములైనచో తొమ్మిదవ వంతును మించవు. నలుబదిమంది గల తరగతిలో సగటు మార్కులు 50, ప్రామాణిక విచలనము 10 అనుకొందము. 30కి మించనివారును, 70కి తగ్గనివారును కలిసి పదిమందికంటె ఎక్కువ ఉండరు. మార్కులు ఎట్లు పడినను ఈ మాట తప్పదు.

చెబిషెవ్ 1867లో ఈ ఫలితమును విస్పష్టమైన సిద్ధాంతముగా నిలిపి, దానితో బృహత్సంఖ్యా న్యాయమును సులువుగా నిరూపించెను. కావున పేరు ఆయనకే చెల్లునని వాదింపవచ్చును. ఆ వాదమున కొంత సత్యము కలదు. బియెనేమే తన ఫలితమును కనిష్ఠ వర్గముల పద్ధతిని గూర్చిన వ్యాసము నడుమ ఉంచెనే గాని చాటుకొనలేదు. కాని లియూవిల్ పత్రిక 1867లో ఇరువురి వ్యాసములను పక్కపక్కనే ముద్రించెను. 1874లో చెబిషెవే బియెనేమే పద్ధతిని పేర్కొని గౌరవించెను. చెబిషెవ్ రచననొకదానిని రష్యను భాషనుండి ఫ్రెంచిలోనికి అనువదించినవాడు బియెనేమేయే. వారిరువురి నడుమ లేని తగవును మన పాఠము తెచ్చిపెట్టనేల?

మరియొక ఉదంతము కలదు. ఇంటిపేర్లు ఏల అంతరించునను ప్రశ్నకు బియెనేమే 1845లోనే సరియైన సమాధానము చెప్పెను. ఒక్కొక్కనికి కలుగు కుమారుల సగటు ఒకటికి మించినచో వంశము నిలుచుటకు అవకాశము కలదనెను. 1874లో గాల్టన్, వాట్సన్‌లు అదే ప్రశ్నను పరిశీలించి, ప్రతి వంశమును తుదకు అంతరించునను తప్పు నిర్ణయమునకు వచ్చిరి. అయినను ఆ సిద్ధాంతమునకు వారి పేరే నిలిచెను. బియెనేమే ప్రకటన క్లుప్తమైనది. పూర్తి నిరూపణ అందు లేదు. 1972లో హైడ్, సెనెటా అను గణాంక శాస్త్రవేత్తలు వెలికితీయువరకు అది మరుగుననే ఉండెను.

కావున చెబిషెవ్ పేరును తొలగింపనక్కరలేదు. బియెనేమే పేరును చేర్చిన చాలును. నల్లబల్లమీద రెండవ పేరు వ్రాయుటకు ఉపాధ్యాయునకు క్షణకాలము చాలును. విద్యార్థి గ్రహింపవలసినది మరియొకటి కలదు: కనుగొన్నదానిని నిరూపణతోసహా విశదముగా వ్రాయుటయు పాండిత్యములో భాగమే. బియెనేమే చేయని ఆ పని ఆయన కీర్తికి చేటు తెచ్చెను. ఆ నష్టమును కొంతయైన పూడ్చుట నేటి తరగతి గదికి సాధ్యమే.