పైపులకు కళాయి ఎప్పుడు?

మంజీరా రెండో దశ నీటిని సంగారెడ్డి సమీపంలోని కలబ్‌గూర్ నుంచి పటాన్‌చెరు మీదుగా హైదర్‌నగర్‌కు తెచ్చే 1500 మిల్లీమీటర్ల పైపులైనుకు లీకేజీ ఏర్పడిందనీ, మరమ్మతు పూర్తయ్యేదాకా రామచంద్రాపురం, లింగంపల్లి, చందానగర్, మదీనగూడ, మియాపూర్ ప్రాంతాలకు నీళ్లు రావనీ తెలిపే హైదరాబాద్ జలమండలి ప్రకటన ఇప్పటికి ఎన్నిసార్లు పత్రికలకెక్కిందో లింగంపల్లి వాసులకు తెలియనిది కాదు. ప్రకటన వెలువడిన ప్రతిసారీ గొయ్యి తవ్వడం, కారుతున్న చోట అతుకు వేయడం, గొయ్యి పూడ్చడం మాత్రమే జరుగుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన ఆ పైపు లోపల ఏ స్థితిలో ఉంది, కాలనీల్లోకి వెళ్లే చిన్న పైపులు ఇంకే స్థితిలో ఉన్నాయి అన్న ప్రశ్నకు మాత్రం ప్రజల ముందు జవాబు చెప్పినవారు లేరు.

పోత ఇనుప పైపులో నీరు ఏళ్ల తరబడి పారితే, నీటిలో కరిగిన ఆమ్లజని ఇనుమును తినివేయగా పుట్టిన తుప్పు లోపలి గోడకు గడ్డలుగా పేరుకుంటుంది. పైపు లోపలి నునుపును ఇంజనీర్లు హేజెన్–విలియమ్స్ గుణకం అనే అంకెతో లెక్కిస్తారు. కొత్త పోత ఇనుప పైపుకు 130గా ఉండే ఆ అంకె గడ్డలు కట్టిన పాత పైపులో 65కు, అంతకన్నా తక్కువకు కూడా పడిపోతుంది. ఒత్తిడి మారనప్పుడు పారే నీరు ఈ గుణకాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, ఆ పైపు మొదట మోసిన నీటిలో సగమే మోస్తుంది. ఆ సగాన్ని పూడ్చడానికి మోటార్ల మీద భారం పెంచితే కరెంటు ఖర్చుతో పాటు బలహీనపడిన అతుకుల మీద ఒత్తిడీ పెరిగి, మరో లీకేజీకి దారి తీస్తుంది.

ఇత్తడి గిన్నెలో చారు చిలుమెక్కకుండా కళాయి పెట్టించిన తరాలకు ఈ రోగానికి మందు కొత్తగా చెప్పనక్కరలేదు. పైపుకూ లోపల పూత పూస్తారు. నూట యాభై మీటర్లకొక గొయ్యి చొప్పున తవ్వి, ఇళ్లకు నేలపైన తాత్కాలిక పైపుతో నీరందిస్తూ, పాత పైపులో ఒక ముక్క కోసి, ఆ సందులోంచి ఉక్కు గీకుడు పరికరాన్ని తీగతో ఇవతలి గోతి నుంచి అవతలి గోతికి లాగుతారు. తుప్పంతా రాలి లోహం బయటపడ్డాక, వేగంగా తిరిగే తల ఒకటి సిమెంటు, ఇసుక కలిపిన మాలును నలువైపులా సమంగా చిమ్ముకుంటూ పోతుంది. పూత ఆరాక కెమెరా పంపి పరీక్షించి, క్లోరిన్ నీటితో శుద్ధి చేసి, పైపును మళ్లీ వాడుకలోకి తెస్తారు. కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉన్నా, సిమెంటుకు సహజమైన క్షారగుణం ఇనుము మళ్లీ తుప్పు పట్టకుండా ఆపుతుంది. సిమెంటు పూత పూసిన పోత ఇనుప పైపును అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో 1922లోనే వేశారు. ఎపాక్సీ అనే రసాయన పూతకైతే మిల్లీమీటరు మందమే చాలు. రెజిన్‌లో తడిపిన మెత్తని గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి ఎక్కించి, అక్కడే గట్టిపరిచి, పైపులోనే మరో పైపును తయారుచేసే పద్ధతిని ఎరిక్ వుడ్ 1971లో లండన్ మురుగు కాలువలో చేసి చూపాడు.

పూత అన్నింటికీ పనికిరాదన్న మాట నిజమే. మంజీరా పైపులైనులో ఉన్న పీఎస్‌సీ రకం, అంటే కాంక్రీటు గొట్టం చుట్టూ ఉక్కు తీగను బిగించి చేసే పైపులో, తీగ బయటి నుంచి తుప్పు పట్టి తెగితే లోపలి పలుచని పూత దాన్ని నిలబెట్టలేదు. అక్కడ ఉక్కు గొట్టాన్ని లోపలికి దూర్చడం వంటి గట్టి చికిత్స కావాలి. ఏ పైపుకు ఏ చికిత్సో తేల్చడానికి ముందుగా లోపలికి తొంగి చూడాలి కదా!

లోపం నీటి నష్టంతో ఆగిపోదు. రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో నీరు వదిలే నగరంలో, సరఫరా ఆగగానే పైపు ఖాళీ అయి, బీటల గుండా పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత జలం ప్రాణాలు బలిగొన్నది. 2022 ఏప్రిల్‌లో ఐటీ సౌధాల నీడలోనే ఉన్న మాదాపూర్ వడ్డెర బస్తీలో పదుల సంఖ్యలో జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. అద్దాల మేడలవారు ట్యాంకరు నీటితోనో, డబ్బా నీటితోనో గట్టెక్కుతారు గానీ, బస్తీ పిల్లవాడికి కుళాయి నీరే దిక్కు.

ఇన్ని తెలిసినా నిధులు పారేది కొత్త పథకాలకే. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన గోదావరి రెండు, మూడు దశల పథకం అంచనా రూ.7,360 కోట్లు. నగరానికి నీరు కావాలన్నదాంట్లో వివాదం లేదు. అంత దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చిన నీటిని గడ్డలు కట్టిన పైపుల్లోకి, బీటలు వారిన అతుకుల్లోకి వదలడం మాత్రం ప్రజాధనాన్ని మట్టిలో పోయడమే. కొత్త పైపుకు శిలాఫలకం ఉంటుంది, పాత పైపు లోపలి పూతకు ఉండదు. నిర్లక్ష్యానికి అసలు మూలం అక్కడే ఉంది.

ఇక పైపుకు పూత పూసినా పైనుంచి పడే గునపం దెబ్బకు మందేదీ? ఇంటర్నెట్ కేబుల్ వారు ఒక నెల, కరెంటువారు మరో నెల, డ్రైనేజీవారు ఇంకో నెల అదే రోడ్డును విడివిడిగా తవ్వుతారు. నేల కింద ఎవరి గొట్టం ఎక్కడుందో చూపే ఉమ్మడి పటం తవ్వేవారి చేతిలో ఉండదు కాబట్టి, ఒకరి పనిలో మరొకరి పైపు పగులుతుంది. పూడ్చిన మట్టి తొలి వానకే కుంగి, లింగంపల్లి రైల్వే అండర్ పాస్ దగ్గర అసలే మోకాలి లోతు నీటిలో చిక్కుకునే ద్విచక్ర వాహనదారులకు ఆ గోతులు మరో గండమవుతాయి. తవ్విన రోడ్డును మునుపటిలా చేసి అప్పగించనివారికి మళ్లీ తవ్వడానికి అనుమతి ఇవ్వనేకూడదు.

గోదావరి నీరు వచ్చేలోగా లింగంపల్లి, చందానగర్ పైపులలోకి కెమెరాలు పంపి, ఏది పూతకు పనికొస్తుందో, ఏది మార్చక తప్పదో తేల్చి, ఆ పట్టికను డివిజన్ కార్యాలయం గోడకు అంటించాలి. పూత పనికి ఏటా బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. ఇంటింటా ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ లింగంపల్లి వాసులు ముందుగా ఈ పద్దు గురించే నిలదీయాలి.