పంక్చర్ కిట్ సరే, బేటీ పేరేది?



చలికాలం మొదలవగానే మా ఇలాఖాలో కుర్రాళ్లకు సైకిల్ షౌఖ్ మొదలవుతుంది. శని, ఆదివారాలు ఖాళీ దొరికితే చాలు, వాట్సాప్‌లో గ్రూపు, గ్రూపులో లిస్టు. గేర్ల సైకిల్ ఎవరికుంది, పంపు ఎవరు తెస్తారు, బిర్యానీ ఎక్కడ తినాలి. అలాంటి లిస్టులు చాలా చూశాను. వాటిలో అన్నీ ఉంటాయి, ఇంట్లో ఆడపిల్ల పేరు తప్ప. ఆ పిల్లకూ సైకిల్ వచ్చు. ఐదో తరగతి దాకా అదే గల్లీలో ఆ అన్నదమ్ములతోనే తొక్కింది. ఏడో తరగతికి వచ్చేసరికి, ఎవరూ గట్టిగా మనా చేయకుండానే, సైకిల్ తమ్ముడిదైపోయింది.

సూటిగా చెబుతాను. మన ఖాందాన్‌లలో కొండదారి సఫర్‌కు లిస్టు రాస్తే మొదటి పేరు బేటీది కావాలి. అది ఆమె మీద చేసే ఎహ్‌సాన్ కాదు. ఆమెను లెక్కలో పెట్టుకుని వేసిన ప్లానే అందరినీ సలామత్‌గా ఇంటికి చేరుస్తుంది. ఎలాగో పెనుగొలను నుంచి కొండపల్లి ఖిలా దాకా ఒక మిసాల్ తీసుకుని చూద్దాం.

పెనుగొలను నుంచి తిరువూరు చేరి, అక్కడ 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఎ.కొండూరు, మైలవరం, జి.కొండూరు మీదుగా కొండపల్లి వస్తుంది. మొత్తం అరవై, డెబ్బై కిలోమీటర్ల మధ్య. తిరువూరు వైపు మామిడి తోటలు, ఎగుడుదిగుడు నేల. మైలవరం దగ్గరకొచ్చేసరికి కొండలు కనిపిస్తాయి. కొల్లేరులో కలిసే బుడమేరు పుట్టేది ఆ కొండల్లోనే. ఆ తర్వాత కొండపల్లి రిజర్వు అడవి, అడవి మధ్యలోంచి ఖిలాకు ఘాట్ రోడ్డు. రెడ్డిరాజులు కట్టిన ఖిలా అది. గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ ఖుతుబ్‌షాహీలు, ఆఖరికి ఇంగ్లీషువాళ్లు ఏలారు. అక్కడి ఒక దర్వాజా పేరు ఇప్పటికీ దర్గా దర్వాజా. మన పిల్లలు తారీఖ్‌ను పుస్తకంలో కాక కళ్లతో చూడాలంటే ఇంతకంటే దగ్గర చోటు ఏముంది?

మౌసమ్ విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి రోజులు. వానాకాలంలో వద్దు. గంపలగూడెం మండలంలో కట్టలేరు పొంగితే వినగడప దగ్గర దారే ఆగిపోతుంది. మార్చి దాటితే ఎండ కనికరించదు.

వఖ్త్ ఎలా పంచుకోవాలన్నది అందరూ అడిగే సవాల్. నమాజే టైమ్ టేబుల్ ఇస్తుంది. శనివారం ఫజర్ చదువుకుని, వెలుగు పూర్తిగా వచ్చాక, పొగమంచు ఉంటే అది విడిపోయాకే బయల్దేరాలి. గంటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల చొప్పున, మధ్యలో రెండుసార్లు ఆగినా, జొహర్‌కు ముందే మైలవరం చేరవచ్చు. భోజనం, కాసేపు ఆరామ్. మూడింటికి లేస్తే అసర్ దారిలో, మగ్రిబ్ కొండపల్లిలో. రాత్రి రిశ్తేదారుల ఇంట్లో బస. ఆదివారం పొద్దున బరువులన్నీ దించేసి ఖాళీ సైకిళ్లతో ఖిలా ఎక్కాలి. తిరుగు సఫర్‌లో సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుని రావడం షరమ్ కాదు. అలసిన కాళ్లతో ఆదివారం సాయంత్రం హైవే మీద లారీల పక్కన తొక్కడం కంటే అది అఖల్‌మందీ.

ఖసర్ నమాజ్ గురించీ ముందే తేల్చుకోవాలి. హనఫీ ఉలమా షరయీ సఫర్‌కు చెప్పే హద్దు 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. కొండపల్లి వరకే అయితే ఆ హద్దు దాటదు కాబట్టి నమాజ్ పూర్తిగానే. విజయవాడ దాకా వెళ్లే నియ్యత్ ఉంటే మీ మౌలానాను అడిగి బయల్దేరండి.

ఇప్పుడు లిస్టులోకి బేటీని తెద్దాం. ఏం మారుతుంది?

మొదట వేగం మారుతుంది. గుంపు నడక అందరికంటే వెనక ఉన్నవాళ్లను బట్టి సాగాలి. కుర్రాళ్లు మాత్రమే వెళ్తే పోటీ పుడుతుంది. మలుపులో లారీని దాటబోయేది అలాంటి పోటీలోనే. రెండోది, వెనక ఒక వాహనం వస్తుంది. దాంట్లో నీళ్లు, మందుల డబ్బా, అలసినవాళ్లకు చోటు. మూడోది, ఆగే చోట్లు ముందే చూసి పెట్టుకుంటాం. శుభ్రమైన బాత్‌రూమ్ ఉన్న పెట్రోలు బంకు ఏది, ఆడవాళ్లు నమాజ్ చదువుకునే జాగా ఏది అని. చాలాచోట్ల మస్జిదుల్లో ఆడవాళ్లకు చోటుండదు. అందుకని దారిలో తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి ముందే మాట్లాడుకోవాలి. వీటిలో ఏది అబ్బాయిలకు నష్టం? ఒక్కటీ కాదు.

లిబాస్ గురించి అమ్మీలు అడుగుతారు. పొడవాటి బుర్ఖా అంచు, చున్నీ కొస చైన్లోనో చక్రంలోనో చిక్కితే ప్రాణం మీదికొస్తుంది. మోకాళ్ల కిందికి వచ్చే వదులు కుర్తా, పాదాల దగ్గర బిగువుగా ఉండే సల్వార్, గుండుసూదులు లేకుండా కట్టే హిజాబ్, దాని మీద హెల్మెట్, చైన్‌కు కవర్. హయాకూ తక్లీఫ్ లేదు, హిఫాజత్‌కూ లోటు లేదు.

ఎక్కుడు దగ్గర గేరు ముందే తగ్గించాలి. కాళ్లు బరువెక్కాక కాదు. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించడంలో తప్పేం లేదు. దిగుడులో రెండు బ్రేకులూ కొంచెం కొంచెం పట్టి వదులుతూ రావాలి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే ముందుకు బోర్లా పడతారు. లారీల రోడ్డు కాబట్టి ఒకరి వెనక ఒకరు, వెనక ఎర్ర లైటు, మెరిసే జాకెట్. ప్రతి గంటకు అర లీటరుకు తగ్గకుండా నీళ్లు, ఉప్పూ చక్కెరా కలిపినవి కొన్ని. నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఎ.కొండూరు తండాల వాళ్లు కిడ్నీ జబ్బులతో ఏళ్లుగా బాధపడుతూ మంచినీళ్ల కోసం అడుగుతూ వచ్చారు. మన సీసాలు వాళ్ల బిందెల దగ్గర నింపుకోవడం మునాసిబ్ కాదు.

ఇక అసలు ఏతరాజ్. "ఆడపిల్ల రోడ్డు మీద సైకిలా? లోగ్ క్యా కహేంగే?" ఖౌఫ్ ఉండటం సహజమే. హిజాబ్ చూసి మాట విసిరేవాళ్లు ఉన్నారన్నదీ నిజమే. అందుకే నేను పిల్లను ఒంటరిగా పంపమనడం లేదు. అబ్బా, భాయీ తోడు వెళ్లమంటున్నాను. దీన్ పేరుతో ఆపేవాళ్లకు ఒక మాట. ఒంటెలెక్కే స్త్రీలలో ఖురైష్ స్త్రీలను మెచ్చుకున్న హదీస్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా సఫర్‌లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంతో పరుగు పందెం వేసి గెలిచారని అబూదావూద్‌లో ఉంది. సవారీ, కస్రత్ ఆడవాళ్లకు ఐబ్ అయితే ఈ రివాయతులు మనదాకా వచ్చేవా?

దునియా సంగతి కూడా చూడండి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్లు వేలల్లో సైకిల్ నేర్చుకున్నారు. వాళ్లలో మన ముస్లిం అమ్మాయిలూ ఉన్నారు, జర్నలిస్టు పి.సాయినాథ్ రాసి లోకానికి చూపించాడు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేల్చారు. మన ఆంధ్రలోనూ 'బడికొస్తా' పేరుతో సైకిళ్లిచ్చారు. సర్కారు సైకిల్ ఇవ్వగలదు. తొక్కే ఇజాజత్ ఇవ్వాల్సింది ఇల్లే.

మనల్ని "పంక్చర్లు వేసుకునేవాళ్లు" అని తానా కొట్టడం కొందరికి అలవాటు. హలాల్ మెహనత్‌కు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ ఎన్నో ఊళ్లలో అందరి సైకిళ్లూ బాగుచేసి రోడ్డెక్కించిన చేతులు మనవైనప్పుడు, మన బేటీ సైకిల్ మాత్రం గోడకు ఆనించి ఎందుకుండాలి? ఆ తానాకు జవాబ్ మనం ఉపన్యాసంతో ఇవ్వలేం.

ఒకేసారి కొండపల్లి వద్దు. ముందు నాలుగు ఆదివారాలు ఊళ్ల మధ్య రోడ్ల మీద పది, ఇరవై, ముప్పై కిలోమీటర్లు తొక్కండి. పంక్చర్ వేయడం బేటీకే నేర్పండి. ట్యూబు విప్పి, తొట్టిలో బుడగ ఎక్కడొస్తుందో చూసి, అట్టుముక్క అంటించడం ఒక్క పూట పని. మన దగ్గర ఉస్తాద్‌లకు కొదవా?

ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని లిస్టు రాయండి. కలం బేటీ చేతికివ్వండి. తన పేరు ఎక్కడ రాసుకోవాలో ఆమెకు తెలుసు.