గోదాము గృహమైనప్పుడు

పురాతన కట్టడమును కూలగొట్టనీయక కాపాడుట కష్టము. కాపాడిన పిదప దానిని నివాసయోగ్యముగ మలచుట అంతకన్న కష్టము. మొదటిదానికి పట్టుదల చాలును, రెండవదానికి వివేకము కూడ కావలెను. లండను నగరమున, థేమ్సు నది దక్షిణతీరమున, టవర్ బ్రిడ్జి చెంతనున్న బట్లర్స్ వార్ఫ్ గోదాముల చరిత్ర యీ సత్యమును చక్కగ బోధించును.

1871–73 సంవత్సరముల నడుమ వెలసిన ఆ గోదాములకు తూర్పు దేశముల తేయాకు, సుగంధద్రవ్యములు ఓడలపై వచ్చి చేరుచుండెడివి. ఓడల రాకపోకలు నది దిగువనున్న లోతైన రేవులకు తరలిపోగా 1972లో ఆ గోదాములు మూతపడినవి. డెరెక్ జార్మన్ వంటి కళాకారులు కొంతకాలము ఆ పాడుబడిన అంతస్తులలో కాపురముండి పనిచేసిరి. 1980వ దశకమున రూపశిల్పి టెరెన్స్ కాన్రన్ పూనికతో అవి సంపన్నుల నివాసములుగ మారనారంభించినవి. అచ్చటి షాడ్ థేమ్స్ వీథిలో తలయెత్తి చూచినచో, ఇరువైపుల భవనములను కలుపుచు ఇనుప వంతెనలు అంతస్తులవారీగ అడ్డముగ కానవచ్చును. కూలీలు పీపాలను దొర్లించుకొని పోయిన ఆ త్రోవలే నేడు పెక్కు ఇండ్లకు బాల్కనీలు.

గోదాము సరకు కొరకు పుట్టినది, మనుష్యుని కొరకు కాదు. అంతస్తు లోతెక్కువ, కిటికీ చిన్నది, నడుమ చీకటి. కావున స్నానగృహమును, సామానుగదిని నడిమి భాగమున నుంచి, కూర్చుండుచోటును, పడకగదిని వెలుగువైపునకు విడువవలెను. సున్నముతో కట్టిన పాతగోడకు సిమెంటు పూసినచో లోని చెమ్మ వెలికి రాలేక ఇటుక పొరలు పొరలుగ రాలిపోవును గనుక, మరమ్మతు సున్నముతోనే జరుగవలెను. సరకును పైకి లాగికొనిన పెద్దతలుపుల స్థానమున అద్దము బిగించినచో ఇల్లంతయు వెలుగు నిండును. ఇంతటి వెలుగు, ఇంతటి విశాలత, శతాబ్దము దాటిన దూలముల గాంభీర్యము లభించిన యింటికి పాలరాతి తాపడములును బంగారుపూతలును ఏల?

షాడ్ థేమ్స్‌లోని కొన్ని భవనములకు దాల్చినచెక్క, యేలకులు, లవంగముల పేర్లు పెట్టిరి. ఆ బస్తాలను మోసిన మూపుల ప్రస్తావన మాత్రము ఆ పేర్లలో లేదు. ఈ లోపమును తీర్చగలవాడు అందు నివసించువాడే. శ్రామికుల రాకపోకలకు అరిగిన గడపను, బరువులెత్తిన కప్పీని, పోతయినుప స్తంభమును కంటికి కనబడునట్లు నిలిపి, తన సౌఖ్యమును వాని చుట్టును అమర్చుకొనుట అతని ధర్మము. వానిని తుడిచివేసి కట్టుకొనిన మేడ యెంత విలువైనదైనను, దానిని జీర్ణోద్ధరణ మనుటకు వీలులేదు.