దగ్గును దాచవలదు

క్షయ యను మాట వినబడగానే స్వరము తగ్గించు నలవాటు మనలో నింకను పోలేదు. ఇంటి పిల్ల నెలనాళ్లుగా దగ్గుచున్నను జలుబు చేసినదని చెప్పుదురు. సంబంధములు తప్పిపోవునను భయమే దీనికి కారణము. ఇట్లు దాచుటయే యీ వ్యాధికి పెద్ద బలమని మా యభిప్రాయము.

ప్రతి దగ్గును క్షయ కాదు. ఊపిరిలో పిల్లికూతలు వినవచ్చిన ఉబ్బసము కావచ్చును. హఠాత్తుగా జ్వరము తగిలి, రొమ్ములో పోటును ఆయాసమును కలిగిన న్యుమోనియా కావచ్చును. ఏండ్ల తరబడి పొయ్యి పొగ పీల్చిన తల్లులకును, చుట్ట కాల్చు తండ్రులకును శ్వాసనాళములు చెడి దగ్గు పట్టుకొనును. అయినను, రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫములో రక్తము, వీనిలో నేది కనబడినను కఫపరీక్ష చేయించవలయును.

క్షయ శాపము గాదు, వంశదోషమును గాదు. దాని సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు కనిపెట్టెను. రోగి దగ్గినపుడు అది గాలిలో కలిసి, కిటికీలు మూసిన గదులలో నితరులకు సోకును. కంచము వలనను, చేయి తాకుట వలనను సోకదు.

మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరమున 1912లో మిషనులవారు శానిటోరియము స్థాపించిన నాటికి దీనికి మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ముఖ్యమైన చికిత్స. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన పిమ్మట మందుల కాలము వచ్చెను. మద్రాసులో 1956లో నెలకొల్పబడిన పరిశోధనాకేంద్రము, మందులు క్రమముగా పుచ్చుకొన్నచో బీదయింటనున్న రోగియు ఇంచుమించు శానిటోరియములోని రోగివలెనే స్వస్థుడగునని 1959లో వెల్లడించెను. చికిత్స మొదలైన పిమ్మట అతడు ఇంటనుండుట వలన ఇంటివారికి అధికాపాయము లేదనియు తెలిపెను. ఇక రోగిని వెలివేయుటకు హేతువేమి?

నేడు ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు మందులును ఉచితము. చికిత్సాకాలము సాధారణముగా ఆరు నెలలు. కొన్ని వారములకే దగ్గు తగ్గుటచే మందు మానువారు కలరు. అట్లు మానిన, మిగిలిన క్రిములు మందులకు లొంగనివై మరల విజృంభింపవచ్చును.

విద్యార్థులారా, తరగతి కిటికీలు తెఱచి యుంచుడు. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుడు. తోటివాని దగ్గు మానకున్నచో ఎగతాళి చేయక ఉపాధ్యాయులకు నెమ్మదిగా తెలుపుడు. తలిదండ్రులారా, దాచినందువలన సంబంధము నిలుచునేమో గాని బిడ్డ నిలువదు. ముందుగా పరీక్ష చేయింపుడు.